పెదనాన్న నెత్తుటిలో సాక్ష్యం

బానిస తల్లికి పుట్టిన బిడ్డ బానిసే, తండ్రి ఎవరైనా సరే. 1662లో వర్జీనియా వలసలో చేసిన చట్టం ఇది. దాంతో తండ్రి పేరు రాసే అవసరమే చాలామందికి లేకపోయింది. మూడో అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ మాంటిచెల్లోలోని తన కమతం లెక్కల పుస్తకంలో బానిసల కాన్పులు కూడా రాసుకున్నాడు. అందులో శాలీ హెమింగ్స్ పేరుంది, ఆమె పిల్లల పేర్లున్నాయి. తండ్రి పేరు మాత్రం లేదు.

ఆ తండ్రి జెఫర్సనే అని 1802లోనే రిచ్మండ్ పత్రిక ఒకటి రాసింది. శాలీ కొడుకు మాడిసన్ కూడా 1873లో ఒహాయోలో ఒక పత్రికకు అదే చెప్పాడు. కానీ జెఫర్సన్ మనవలు ఒప్పుకోలేదు. ఆ నేరం ఆయన చెల్లెలి కొడుకులైన కార్ సోదరుల మీదికి నెట్టారు. చరిత్రకారుల్లో ఎక్కువమంది వంద సంవత్సరాలకు పైగా మనవల మాటే నమ్మారు. బానిస కొడుకు చెప్పింది పుకారు, దొర మనవలు చెప్పింది సాక్ష్యం!

రిటైరైన పాథాలజిస్టు యూజీన్ ఫాస్టర్ ఈ తగవును వై క్రోమోజోము దగ్గరికి తీసుకెళ్లాడు. అది తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి దాదాపు మార్పు లేకుండా దిగుతుంది, అచ్చం మన ఇంటిపేరులాగే. ఎప్పుడో ఒకచోట చిన్న అచ్చుతప్పు దొర్లుతుందంతే. చిక్కల్లా, జెఫర్సన్‌కు భార్య వల్ల బతికినవాళ్ళందరూ ఆడపిల్లలే. మరి పోల్చి చూడటానికి ఆ ఇంటి క్రోమోజోము ఎక్కడ దొరుకుతుంది? ఫాస్టర్ ఒక మెట్టు పైకెక్కి, జెఫర్సన్ పెదనాన్న ఫీల్డ్ జెఫర్సన్ మగ సంతతిలో అయిదుగురి నెత్తురు సేకరించాడు. శాలీ చివరి కొడుకు ఎస్టన్ (1808లో పుట్టాడు) మగ సంతతిలో ఒకరిదీ తీసుకున్నాడు. కార్ సోదరుల వంశం నుంచీ నమూనాలు వచ్చాయి.

మేనల్లుళ్ళ సంగతి మనకు విడమరిచి చెప్పక్కర్లేదు. వాళ్ళ ఇంటిపేరు వేరు, కాబట్టి వై క్రోమోజోమూ వేరే. 1998 నవంబరులో నేచర్ పత్రికలో ఫలితం వచ్చింది. ఎస్టన్ వారసుడి క్రోమోజోము పెదనాన్న వంశంతో సరిపోయింది, కార్ వంశంతో కలవలేదు. ఆ జెఫర్సన్ రకం యూరప్‌లో చాలా అరుదు కనుక, కాకతాళీయం అనడానికి వీల్లేకపోయింది. తాము కూడా శాలీ సంతతే అని తరతరాలుగా చెప్పుకుంటున్న ఉడ్సన్ కుటుంబాల క్రోమోజోము మాత్రం కలవలేదు. ఇంట్లో చెప్పుకునే కథలన్నీ ఒకే తూకానివి కావు మరి.

నేచర్ శీర్షిక కాస్త తొందరపడి, జెఫర్సనే తండ్రి అని తేల్చేసింది. వై క్రోమోజోము ఇంటిని చూపిస్తుంది గాని ఆ ఇంట్లో మనిషిని చూపించదు. జెఫర్సన్ తమ్ముడు రాండాల్ఫ్‌దీ అదే క్రోమోజోము. మిగతా దారి కాగితాలే చూపాయి. ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ అంటూ ఎక్కువకాలం ఊళ్ళు తిరిగిన జెఫర్సన్, శాలీ ప్రతి కాన్పుకూ తొమ్మిది నెలల ముందు మాత్రం మాంటిచెల్లోలోనే ఉన్నాడు. ఇవన్నీ కలిపి చూసి, ఆ ఎస్టేటును నడిపే సంస్థ 2000లో ఆయనే తండ్రి అయ్యే అవకాశం చాలా ఎక్కువని ఒప్పుకుంది.

ఎస్టన్ 1852 ప్రాంతంలో విస్కాన్సిన్‌కు వెళ్ళి, జెఫర్సన్ అని పేరు పెట్టుకుని తెల్లవాడిగా బతికాడు. 1940లలో అతని వారసులు కొందరు శాలీ సంగతి పిల్లలకు తెలియకూడదని కథ మార్చేశారు. మనం జెఫర్సన్‌గారి అంకుల్ వంశం వాళ్ళం అని చెప్పారు. ఆ ఇంగ్లీషు మాటలో పెదనాన్న ఎవరో మేనమామ ఎవరో తేలదు. అర్ధ శతాబ్దం తర్వాత ఆ ముసుగు తొలగించింది, నిజంగానే, ఆ పెదనాన్న వంశం వాళ్ళ నెత్తురే.