విప్పకూడదన్న డబ్బా విప్పితే...

గడ్డి కోసే మిషను గురించి ఈ శీర్షికలో రాయడమేమిటని చదువరులకు అనిపించవచ్చు. మన దగ్గర గడ్డి కొడవలితో కోస్తాం, మోపు కడతాం, గేదెకు వేస్తాం. అమెరికాలో ఇంటి చుట్టూ గడ్డి పెంచుతారు, నీళ్ళు పెడతారు, మళ్ళీ కోస్తారు. దాన్ని తినే పశువు వుండదు. గడ్డి ఏపుగా పెరిగితే పట్టణ పాలకసంఘం నోటీసు పంపే ఊళ్ళు కూడా వున్నాయి. పెరడు పెద్దదయితే చిన్న ట్రాక్టరులాంటి బండి మీద కూర్చుని కోస్తారు. ఆ బండి వెనక ఇరుసు దగ్గర ఒక అల్యూమినియం డబ్బా వుంటుంది. ఈ కథ ఆ డబ్బాది. దాంట్లో వున్న పనితనం మన పొలాల్లోకి కూడా వచ్చేసింది. అందుకే ఇంత దూరం పోయి రాస్తున్నాం.

విజయవాడ ఆటోనగర్‌లో లారీలు విప్పి బిగించి జీవితం గడిపిన ఒక మేస్త్రి మాకు తెలుసు. ఆయన కొడుకు ఒహాయో రాష్ట్రంలో ఒక గోడౌనులో రాత్రి డ్యూటీ చేస్తాడు. ఊరి చివర చిన్న ఇల్లు, ఇంటి వెనక ఏటవాలు నేల. పాత గడ్డికోత బండి ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాడు. శనివారాల్లో ఇరుగుపొరుగు వాళ్ళ గడ్డి కూడా కోసి నాలుగు డాలర్లు చేసుకుంటాడు. ఒకరోజు ఆ బండి మొరాయించింది. చల్లగా వున్నప్పుడు బాగానే కదులుతుంది. అరగంట నడిచి వేడెక్కాక మిట్ట ఎక్కమంటే ఎక్కదు. ఇంజను అరుస్తూనే వుంటుంది, బ్లేడు తిరుగుతూనే వుంటుంది, చక్రాలు మాత్రం కదలవు.

షాపుకు తీసుకుపోతే అక్కడివాడు బండి కిందికి వంగి కూడా చూడలేదు. "అది సీలు చేసిన యూనిట్. విప్పేది కాదు. కొత్తది వెయ్యాలి" అన్నాడు. కొత్త డబ్బా వందల డాలర్లు, బిగింపు కూలి వేరే. అంతా కలిపితే కుర్రాడు బండి కొన్న ధర దాటిపోయింది. ఆ రాత్రి తండ్రికి ఫోను చేశాడు.

"ఒరే అబ్బాయ్, మనిషి బిగించిందాన్ని మనిషి విప్పలేడంటే నేను నమ్మను" అన్నాడా మేస్త్రి.

డబ్బాలో ఏముంది?

మామూలు ట్రాక్టరులో క్లచ్ వుంటుంది, గేర్లుంటాయి. ఈ డబ్బాలో ఇంజను బలాన్ని నూనె మోస్తుంది. దీన్ని హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ అంటారు. మాట పెద్దదే గానీ సంగతి చిన్నది. ఒక పక్క పంపు, ఇంకో పక్క మోటారు, రెంటికీ మధ్య నూనె దారి. ఇంజను బెల్టుతో పంపును తిప్పుతుంది. పంపు గట్టి వత్తిడితో నూనెను తోస్తుంది. ఆ నూనె వెళ్ళి మోటారును తిప్పుతుంది. మోటారు గేర్ల ద్వారా ఇరుసును తిప్పుతుంది. పని చేసిన నూనె మళ్ళీ పంపు దగ్గరికి వచ్చేస్తుంది.

పంపులో తుపాకి తూటాల చక్రంలాంటి గుండ్రటి దిమ్మ వుంటుంది. దాని గూళ్ళలో చిన్న చిన్న పిస్టన్లుంటాయి. సాధారణంగా వాటి లెక్క బేసి సంఖ్యే, దానివల్ల నూనె ధార ఎగుడుదిగుళ్ళు తగ్గుతాయి. ఈ పిస్టన్ల తలలు వాలుగా వున్న ఒక పళ్ళేనికి ఆనుకుని తిరుగుతాయి. పళ్ళెం ఎంత వాలితే పిస్టను అంత లోపలికీ బయటికీ ఆడుతుంది, అంత నూనె పోతుంది, బండి అంత వేగంగా పోతుంది. పళ్ళేన్ని నిటారుగా నిలబెడితే బండి ఆగుతుంది. రెండో వైపుకి వాలిస్తే వెనక్కి పోతుంది. డ్రైవరు కాలి కింద పెడలు చేసేదంతా ఆ పళ్ళేన్ని వాల్చడమే.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. 20వ శతాబ్దం మొదటి దశాబ్దంలోనే యుద్ధనౌకల ఫిరంగులను తిప్పడానికి ఇటువంటి యంత్రాలు వాడారు. 1954లో ఇంగ్లండులోని సిల్సోలో వ్యవసాయ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ ఈ పద్ధతితో నడిచే ట్రాక్టరును చూపింది. 1967లో అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 656 హైడ్రో అనే ట్రాక్టరును అమ్మకానికి తెచ్చింది. అప్పుడు ఫిరంగి కింద, పొలంలో వున్న యంత్రం ఇప్పుడు ఇంటి పెరట్లోకి చేరింది. పోతూ పోతూ దాని మీద "విప్పరాదు" అనే ముద్ర పడింది.

నేడు అమెరికా గడ్డికోత బళ్ళలో చాలా వాటి కింద రెండు కంపెనీల డబ్బాలే కనబడతాయి. ఒకటి టెనెస్సీ రాష్ట్రం మోరిస్‌టౌన్‌లోని టఫ్ టార్క్, రెండోది ఇలినాయ్ రాష్ట్రం సలివాన్‌లోని హైడ్రో-గేర్. షాపులో వరసగా నిలబెట్టిన బళ్ళకు రంగులు వేరు, పేర్లు వేరు. కిందికి వంగి చూస్తే డబ్బా ఒకటే. కొనేవాడికి రంగే కనబడుతుంది.

ఎవరి జీవితకాలం?

ఇటువంటి డబ్బాల్లో కొన్నిటికి నూనె దించే బిరడా కూడా వుండదు. లోపలి నూనె జీవితకాలానికి సరిపోతుందని చెబుతారు. ఎవరి జీవితకాలం? కొన్నవాడిదా, బండిదా? నూనె పాడయి డబ్బా చచ్చేదాకా దాని జీవితకాలమని అర్థమైతే ఆ మాట నిజమే.

గేర్ల పళ్ళు అరిగి ఇనుప రజను నూనెలో కలుస్తుంది. ఆ రజను పంపు దిమ్మకూ దాని కింది పలకకూ మధ్య పడి గీతలు పెడుతుంది. గీతల్లోంచి నూనె కారిపోతుంది. నూనె వేడెక్కి పలచబడితే ఇంకా కారుతుంది. అందుకే ఉదయం ఎక్కిన మిట్ట మధ్యాహ్నం ఎక్కదు. మానవుడికి రక్తం చెడ్డట్టే ఇది కూడా.

అయితే మేస్త్రి వెంటనే విప్పమనలేదు. ముందు బయట చూడమన్నాడు. బెల్టు సాగి జారుతోందా? డబ్బా మీద తిరిగే చిన్న ఫ్యాను రెక్కలు విరిగాయా? గడ్డి దుమ్ము పేరుకుని డబ్బాకు గాలి తగలడం లేదా? బండిని చేత్తో తోసుకుపోవడానికి బైపాస్ లివరు ఒకటి వుంటుంది, అది సగం తెరుచుకుని వుందా? ఈ నాలుగూ చూడకుండా డబ్బా మార్చి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు వుంటారు. కుర్రాడు నాలుగూ చూశాడు. గడ్డి మట్టలు గోకి పారేశాడు. జబ్బు తగ్గలేదు. అప్పుడు విప్పాడు.

గుడ్ల ట్రేలో పిస్టన్లు

మొదట బ్యాటరీ తీగ, స్పార్కు ప్లగ్గు తీగ పీకేశాడు. బండి వెనక భాగాన్ని ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టాడు. ఉత్త జాకీని నమ్మి బండి కిందికి దూరకూడదని ఆటోనగర్‌లో పసివాడికి కూడా తెలుసు. చక్రాలు, బెల్టు, లింకులు విప్పి డబ్బాను కిందికి దించాడు. తలకిందులు చేస్తే రెండు లీటర్ల పైచిలుకు నూనె వచ్చింది. నల్లగా వుంది, వెండి పొడి చల్లినట్టు మెరుస్తోంది. ఆ మెరుపే అసలు రోగం.

డబ్బా పైభాగం, కింది భాగం గాస్కెట్ పేస్టుతో అతికివున్నాయి. బోల్టులు తీసి, మూలల్లో వున్న చోట్లే మెల్లగా ఎత్తాడు. అతుకు ముఖం మీద స్క్రూడ్రైవరు దూర్చి పొడిస్తే గీత పడి జీవితమంతా కారుతుంది. లోపల అయస్కాంతం మీద ఇనుప రజను బూజులా పట్టివుంది. ఫిల్టరు దాదాపు మూసుకుపోయింది.

"ఏ పిస్టన్ ఏ గూట్లోంచి తీశావో మళ్ళీ ఆ గూట్లోనే పడాలి. ఒకదానితో ఒకటి అరిగి జత కుదిరినవి అవి" అని తండ్రి హెచ్చరించాడు. కుర్రాడు గుడ్ల ట్రే తెచ్చి గుంటలకు నెంబర్లు వేసి, పిస్టన్నూ దాని స్ప్రింగునూ ఒక్కో గుంటలో పెట్టాడు. ప్రతి అడుగుకూ ఒక ఫోటో తీశాడు. పోగులు రాలే గుడ్డ వాడలేదు. ఈ పనికి పెద్ద శత్రువు దుమ్ము. వెంట్రుకవాసి నలుసు కూడా కొత్త గీత పెట్టగలదు.

దిమ్మ కింది పలక మీద వలయాకారంగా గీతలు కనిపించాయి. గోరు పెట్టి గీకితే తట్టుకునేంత లోతు గీతలయితే ఆ భాగం మార్చాల్సిందే. ఇవి అంత లోతు లేవు. మందమయిన గాజు పలక మీద సన్నని నీటి ఎమరీ కాగితం పరిచి, నూనె చుక్కలు వేసి, పలకను ఎనిమిది అంకె ఆకారంలో సమంగా తిప్పుతూ రుద్దాడు. వత్తిడి ఒక పక్కకే పడితే పలక వంకర పోతుంది. ఎక్కువ రుద్దితే పైనున్న గట్టి పొర పోతుంది. ఎప్పుడు ఆపాలో తెలియడమే మేస్త్రితనం. తండ్రి ఫోనులో బొమ్మ చూసి "చాలు, ఇక ఆపు" అన్నాడు.

తర్వాత అంతా కడిగి, ఆరబెట్టి, కొత్త ఆయిల్ సీళ్ళు, కొత్త ఫిల్టరు వేశాడు. ప్రతి భాగాన్నీ నూనెలో తడిపి గూట్లో పెట్టాడు. గాస్కెట్ పేస్టు సన్నని దారంలా పెట్టాడు. ఎక్కువయిన పేస్టు లోపలికి రాలి నూనె దారిలో అడ్డం పడుతుంది. బోల్టులను టార్కు రెంచీతో ఎదురెదురుగా బిగించాడు. తయారీదారు పుస్తకంలో చెప్పిన రకం నూనె కొలిచి పోశాడు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. బిగించగానే నేల మీద నడిపితే పంపు గాలి మింగి గోల చేస్తుంది. వెనక చక్రాలు నేలకు తగలకుండా వుంచి, బైపాస్ లివరు తెరిచి, ఇంజను నడుపుతూ ముందుకీ వెనక్కీ అయిదారుసార్లు మెల్లగా తొక్కాలి. లివరు మూసి మళ్ళీ అలాగే చెయ్యాలి. గాలి పోయాక నూనె మట్టం మరోసారి చూసుకోవాలి.

రెండు శనివారాలు పట్టింది. ఆ సాయంత్రం బండి గంటసేపు నడిచి, వేడెక్కి, మిట్ట ఎక్కింది. సీళ్ళు, ఫిల్టరు, నూనె, పేస్టు అంతా కలిపి కొత్త డబ్బా ధరలో చిన్న ముక్కే అయ్యింది. ప్రతి డబ్బా ఇలా బతుకుతుందని మేం చెప్పడం లేదు. దిమ్మ పగిలినా, డబ్బా గోడ అరిగిపోయినా కొత్తది వెయ్యక తప్పదు. కానీ విప్పి చూశాక ఆ మాట అనడం వేరు, వంగి కూడా చూడకుండా అనడం వేరు.

ఇది ఒక్క పెరటి సంగతి కాదు

అమెరికాలో ఈ గడ్డి పని మీదే బతికే శ్రమజీవులు లక్షల్లో వున్నారు. హెచ్-2బి అనే తాత్కాలిక వీసా మీద వచ్చే కార్మికుల్లో అన్నిటికంటే ఎక్కువమంది ఈ తోటపనికే వస్తారు, మెక్సికో నుంచి ఎక్కువగా. చట్టం ప్రకారం ఏడాదికి 66,000 వీసాలు. వేరే యజమాని దరఖాస్తు పెడితే తప్ప తెచ్చిన యజమాని దగ్గరే పనిచెయ్యాలి. యంత్రం మీద యజమానికి హక్కు లేదని కంపెనీ అంటుంది, తన పని మీద కార్మికుడికి హక్కు లేదని వీసా అంటుంది.

పెద్ద ట్రాక్టర్ల సంగతి మరీ అన్యాయం. అక్కడ బోల్టులు విప్పినా చాలదు, కంప్యూటరు తాళం తియ్యాలి. ఆ తాళంచెవి చాలాకాలం కంపెనీ డీలరు దగ్గరే వుండిపోయింది. 2012లో మసాచుసెట్స్ ఓటర్లు కార్ల మరమ్మతు సమాచారం బయటపెట్టాలని ఓటేసి గెలిచారు. అక్కడినుంచి రైతులు అందుకున్నారు. 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కు చట్టం చేసింది. అమెరికాలో ఇటువంటి చట్టాల్లో అదే మొదటిది. 2024 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అదే 2023లో మిన్నెసోటా చేసిన మరమ్మతు చట్టంలో మాత్రం వ్యవసాయ యంత్రాలను బయట పెట్టేశారు. ఎవరి వత్తిడి ఎవరి మీద పనిచేస్తుందో చదువరులకు వేరే చెప్పనక్కర్లేదు. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, రెండు రాష్ట్రాలతో కలిసి, మరమ్మతును గుప్పిట్లో పెట్టుకున్నదని జాన్ డీర్ కంపెనీ మీద దావా వేసింది.

మన చేలో అదే డబ్బా

ఇక మన సంగతి. వరి కోతలకు వచ్చే చైన్ మిషన్లు చూస్తున్నాం కదా. డ్రైవరు ఒక్క లివరు ముందుకు నెడితే ముందుకు, వెనక్కి లాగితే వెనక్కి పోతాయి. వాటిలో చాలా వాటి కడుపులో వున్నది ఈ పంపూ మోటారే. పరిమాణం పెద్దది, సూత్రం ఒకటే. రోగాలు కూడా అవే: పాత నూనె, మూసుకుపోయిన ఫిల్టరు, దుమ్ము పట్టి చల్లబడని డబ్బా.

కోత మిషన్లు కూలీల నోటి దగ్గర ముద్ద లాక్కున్నాయి. ఆ మాట ఎన్నిసార్లయినా అంటాం. అయితే మిషను పాడయి చేలో నిలిచిపోతే కూలీకి పోయిన పని తిరిగి రాదు, కౌలురైతు పంట మాత్రం పోతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్ళపాలయ్యింది. అటువంటి రోజుల్లో ఒక్క పూట ఎంత విలువైనదో మనకు తెలుసు. ఆ పూట "కంపెనీ మనిషి రావాలి, పార్టు రావాలి" అని కూర్చోవాలా?

కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అది పేర్కొన్న రంగాల్లో వ్యవసాయ పరికరాలు కూడా వున్నాయి. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచారు. పోర్టల్ తెరిస్తే చేలో మిషను కదలదు. మిషను అమ్మేటప్పుడే మరమ్మతు పుస్తకం తెలుగులో ఇవ్వాలి. విడి భాగాలు, సీళ్ళ సెట్లు ఎవరడిగినా ఒకే ధరకు అమ్మాలి. మండల కేంద్రాల్లో కూలీల పిల్లలకు ఈ పని నేర్పాలి. కోత పని పోయిన ఇంట్లోంచే రేపు ఆ మిషను విప్పగల మేస్త్రి రావాలి. రైతు సంఘాలు, వ్యవసాయ కార్మిక సంఘాలు ఈ మూడు కోర్కెలూ కలిసి పెట్టాలని మేం కోరుతున్నాం.

ఒహాయో కుర్రాడు ఆ డబ్బాను తిరిగి బిగించే ముందు, లోపలి గోడ మీద మేకుతో తారీకు గీకాడట. ఎందుకు నాయనా అని తండ్రి అడిగితే, "మళ్ళీ విప్పేవాడికి తెలియాలి గదా నాన్నా, దీన్ని ఇంతకుముందు ఒకడు విప్పాడని" అన్నాడట.