మూతబడ్డ మాల్ మళ్లీ తెరుచుకుంటుందా?

సంత అంటే మనకందరికీ తెలుసు. వారానికి ఒకరోజు జరుగుతుంది. ఉప్పు, పప్పు, కూరగాయలు, గాజులు, బట్టలు అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. కానీ సంతకు పోయేది కొనడానికి మాత్రమేనా? కాదు. అక్కడ పుట్టింటి ఊరివాళ్లు కనబడతారు. కూలి రేట్లు తెలుస్తాయి. పెళ్లి సంబంధాల మాటలు నడుస్తాయి. సంతలో సరుకూ ఉంటుంది, మనుషులూ ఉంటారు.

అమెరికా దేశంలో కూడా ఒక రకం సంత ఉంది. దాన్ని మాల్ అంటారు. పెద్ద కట్టడం. ఒకే కప్పు కింద వందకు పైగా కొట్లు కూడా ఉంటాయి. ఇది వారానికి ఒకరోజు జరిగే సంత కాదు. రోజూ తెరిచి ఉంటుంది. చుట్టూ కార్లు నిలపడానికి పెద్ద మైదానం ఉంటుంది.

సుమారు 70 ఏళ్ల కిందట ఈ మాల్స్ పుట్టాయి. దేశమంతా పెరిగాయి. తర్వాత వాటిలో చాలా మూతబడ్డాయి. కొన్నింటిని కూల్చేశారు. కొన్నింటికి మాత్రం మళ్లీ ప్రాణం వచ్చింది. ఇదంతా ఎందుకు జరిగింది?

ఊరి బయట ఇళ్లు

1945లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. అమెరికా సైనికులు ఇళ్లకు తిరిగి వచ్చారు. పెళ్లిళ్లు చేసుకున్నారు. పిల్లలు పుట్టారు. అందరికీ ఇళ్లు కావాలి. పట్నంలో చోటు చాలలేదు. పట్నం బయట పొలాల్లో వేల ఇళ్లు కట్టారు. ప్రభుత్వం అప్పులకు హామీ ఇచ్చింది. పెద్ద పెద్ద రోడ్లు వేసింది. అట్లా శివారు కాలనీలు పుట్టాయి.

ఈ ఇళ్లు అందరికీ దక్కలేదు. చాలా కాలనీల్లో నల్లజాతి కుటుంబాలకు ఇల్లు అమ్మేవాళ్లు కాదు. చేతిలో డబ్బున్నా సరే, అమ్మేవాళ్లు కాదు. ఇల్లు అమ్మడంలో జాతి భేదం చూపకూడదని 1968లో గాని చట్టం రాలేదు.

ఇల్లు దొరికిన ఆడవాళ్లకు కూడా ఒక కష్టం వచ్చిపడింది. మగవాళ్లు పొద్దున్నే కారెక్కి పట్నంలో పనికి పోయేవాళ్లు. ఆడవాళ్లు పిల్లలతో ఇంట్లో మిగిలిపోయేవాళ్లు. నడిచిపోయే దూరంలో కొట్టు ఉండేది కాదు. బస్సులు తక్కువ. పలకరించే మనిషి కూడా దూరమే.

ఒక మనిషి కన్న కల

ఈ కష్టాన్ని విక్టర్ గ్రూయెన్ అనే ఆయన గమనించాడు. ఆయన కట్టడాలకు ప్లాను గీసే పని చేసేవాడు. సొంత ఊరు ఆస్ట్రియా దేశంలోని వియన్నా నగరం. ఆయన యూదుడు. 1938లో హిట్లర్ సేనలు ఆ దేశాన్ని పట్టుకున్నాయి. యూదులకు ప్రాణభయం పట్టుకుంది. గ్రూయెన్ అమెరికాకు పారిపోయి వచ్చాడు.

వియన్నాలో జనం వీధుల్లో నడిచేవాళ్లు. కాఫీ కొట్ల దగ్గర కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. అమెరికా శివారు కాలనీల్లో అట్లాంటి చోటు ఆయనకు కనబడలేదు. తానే ఒకటి కట్టాలనుకున్నాడు.

మిన్నెసోటా రాష్ట్రంలో ఎడైనా అనే ఊరు ఉంది. అక్కడ 1956 అక్టోబరులో ఆయన గీసిన మాల్ తెరిచారు. దాని పేరు సౌత్‌డేల్. ఖర్చు 2 కోట్ల డాలర్లు. ఒకే కప్పు కింద 72 కొట్లు. ఆ రాష్ట్రంలో చలికాలం మంచు మోకాళ్ల లోతు పడుతుంది. మాల్ లోపల మాత్రం ఏడాది పొడవునా ఒకే హాయి. మధ్యలో చెట్లు, పూలు, పక్షులు, కూర్చోవడానికి బల్లలు. జనం విరగబడి వచ్చారు.

అయితే గ్రూయెన్ కల ఇంకా పెద్దది. మాల్ చుట్టూ ఇళ్లు ఉండాలి. బడి ఉండాలి. ఆసుపత్రి, తోట, చెరువు ఉండాలి. జనం నడిచి వచ్చి నడిచి పోవాలి. కానీ ఖర్చు పెట్టేవాళ్లు కొట్లు మాత్రం కట్టారు. మిగిలిన చోట కార్లు నిలిపే మైదానం వేశారు. కొట్లలో లాభం ఉంది. కూర్చునే తోటలో లాభం ఏముంది? అట్లా ఆ కల సగంలో ఆగిపోయింది.

గ్రూయెన్ 1968లో వియన్నాకు తిరిగి వెళ్లిపోయాడు. కొన్నేళ్లకే ఆ నగరం శివారులోనూ ఒక పెద్ద మాల్ వెలిసింది. పాత చిన్న కొట్లు ఏమైపోతాయోనని ఆయన బాధపడ్డాడు. తన పేరు చెప్పి కట్టిన మాల్స్‌కు తాను తండ్రిని కానని 1978లో లండన్‌లో అందరి ముందూ చెప్పాడు. 1980లో చనిపోయాడు.

అవసరానికి మించి కట్టారు

సౌత్‌డేల్‌ను చూసి దేశమంతా మాల్స్ కట్టడం మొదలుపెట్టారు. దీని వెనుక పన్నుల లెక్క కూడా ఉంది.

బంగారం కొట్లో తరుగు తీస్తారు కదా! కట్టడానికి కూడా తరుగు ఉంటుంది. కట్టడం ఏడాదికేడాది పాతబడుతుంది. ఆ తరుగును యజమాని లెక్కల్లో నష్టంగా చూపుకోవచ్చు. ఆ మేరకు పన్ను తగ్గుతుంది. 1954లో అమెరికా ప్రభుత్వం ఈ లెక్కను మార్చింది. మొదటి ఏళ్లలోనే ఎక్కువ తరుగు చూపుకోవచ్చని చెప్పింది. దాంతో కొత్త కట్టడం కడితే పన్ను బాగా మిగిలేది. డబ్బున్నవాళ్లు వరసబెట్టి మాల్స్ కట్టారు. ఆ ఊళ్లో అంతమంది కొనేవాళ్లు ఉన్నారా? ఈ ప్రశ్న చాలామంది వేసుకోలేదు.

ఒక మాల్ ఉన్నచోట రెండు, మూడు వచ్చాయి. కొత్తది రాగానే పాతది వెలవెలబోయేది.

పెద్ద కొట్టు పోతే చిన్న కొట్టు నిలవదు

ప్రతి మాల్‌లో ఒకటో రెండో చాలా పెద్ద దుకాణాలు ఉంటాయి. బట్టల నుంచి కుర్చీల దాకా అన్నీ అమ్ముతాయి. ఓడకు లంగరు ఎట్లాగో మాల్‌కు ఈ దుకాణాలు అట్లాగ. జనం పెద్ద దుకాణం కోసం వస్తారు. పోతూ పోతూ పక్కన చిన్న కొట్టులో చెప్పులో, గాజులో కొంటారు.

సంతలోనూ ఇంతే. పెద్ద బట్టల వ్యాపారి రావడం మానేస్తే పక్కన రిబ్బన్లు అమ్మే ఆమెకు కూడా బేరం తగ్గుతుంది.

అమెరికాలో ఈ పెద్ద దుకాణాలకు మూడు వైపుల నుంచి దెబ్బ తగిలింది. మొదటిది, చవక ధరల దుకాణాలు. వాల్‌మార్ట్ దుకాణం 1962లో మొదలైంది. అది ఊరూరా పాకింది. రెండోది, ఇంటికే సరుకు పంపే కంపెనీలు. అమెజాన్ కంపెనీ 1994లో పుట్టింది. మొదట పుస్తకాలు అమ్మింది. తర్వాత అన్నీ అమ్మింది. మూడోది, అప్పులు. చాలా దుకాణాల కంపెనీలు మోయలేనంత అప్పు నెత్తిన పెట్టుకున్నాయి.

సియర్స్ అనే దుకాణం పేరు తెలియని ఇల్లు అమెరికాలో ఒకప్పుడు లేదు. 2018లో అది దివాలా తీసింది. అంటే అప్పులు తీర్చలేనని కోర్టుకు చెప్పుకుంది. 2020లో కరోనా వచ్చింది. కొన్నాళ్లు చాలా మాల్స్ మూసేశారు. ఆ ఏడాదే జేసీ పెనీ అనే ఇంకో పెద్ద దుకాణం దివాలా తీసింది.

పెద్ద కొట్టు మూతబడితే అద్దె తగ్గించాలని, లేదా తాము వెళ్లిపోతామని చాలా చిన్న కొట్లవాళ్లు ముందే కాగితం రాయించుకుంటారు. కాబట్టి ఒకటి పోతే వెనకే పది పోతాయి.

ఒక చిన్న ఊరి సంగతి

ఒహాయో రాష్ట్రంలో నార్త్ రాండాల్ అనే ఊరు ఉంది. జనాభా రెండు వేలు కూడా లేదు. 1976లో అక్కడ ఒక మాల్ తెరిచారు. దాని నేలంతా కలిపితే సుమారు 50 ఎకరాలు. అప్పట్లో ప్రపంచంలోనే పెద్ద మాల్ అని చెప్పుకున్నారు. ఊరికి పన్నులు వచ్చాయి. చుట్టుపక్కల వేలమందికి పనులు దొరికాయి.

చుట్టూ వేరే మాల్స్ వచ్చాయి. బేరం తగ్గింది. 2009లో ఈ మాల్ మూతబడింది. కొన్నేళ్లు ఖాళీగా పడి ఉంది. తర్వాత కూల్చేశారు.

మాల్ మూతబడితే ఎవరికి నష్టం? అట్లాంటి పెద్ద దుకాణాల్లో సరుకు అమ్మే పని చేసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ముందు వాళ్ల జీతం పోతుంది. ఆ తర్వాత ఊరికి పన్ను తగ్గుతుంది. అమెరికాలో బడులకు వచ్చే డబ్బులో ఒక పెద్ద భాగం అక్కడి ఇళ్లు, కట్టడాల మీద వేసే పన్ను నుంచి వస్తుంది. పన్ను తగ్గితే పిల్లల చదువుకు కూడా ఇబ్బందే.

నార్త్ రాండాల్‌లో కూల్చిన చోట ఏం వచ్చింది? 2018లో అమెజాన్ కంపెనీ గోదాము వచ్చింది. అంటే మాల్స్‌ను దెబ్బ కొట్టిన వ్యాపారమే మాల్ ఉన్న నేల మీదకు వచ్చి కూర్చుంది! రెండు వేలకు పైగా పనులు ఇస్తామని కంపెనీ చెప్పింది. ఊరికి అది మేలే. కానీ పని తీరు మారింది. కొట్లో అమ్మే ఆమె మనుషులతో మాట్లాడేది. గోదాములో గడియారంతో పోటీ పడి సరుకు తీయాలి, కట్టాలి, పంపాలి. ఊరి జనం వచ్చి కూర్చునే చోటు మాత్రం లేదు.

మళ్లీ ప్రాణం పోసుకున్న మాల్స్

అన్ని మాల్స్ మట్టిలో కలిసిపోలేదు.

టెనెసీ రాష్ట్రంలో నాష్‌విల్ నగరం ఉంది. అక్కడ 1967లో కట్టిన ఒక మాల్ పేరు వన్ హండ్రెడ్ ఓక్స్. అంటే నూరు ఓక్ చెట్లు. కొన్నేళ్లకు అది వెలవెలబోయింది. 2009లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం ఆసుపత్రి వాళ్లు దాని పైఅంతస్తులో వైద్యశాలలు తెరిచారు. కింద కొట్లు కొన్ని అట్లాగే ఉన్నాయి. రోగులకు కారు నిలపడం తేలిక. వాళ్లతో వచ్చినవాళ్లు కింద కొట్లలో కొంటారు. 2020లో ఆసుపత్రి వాళ్లు ఆ మాల్‌నే కొనేశారు.

టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో హైలాండ్ అనే మాల్ ఉండేది. 1971లో తెరిచారు. 2015లో మూసేశారు. మూయకముందే ఒక ప్రజా కళాశాల దాన్ని కొన్నది. పెద్ద దుకాణం ఉన్న చోట 2014లో తరగతులు మొదలుపెట్టింది. ఒకప్పుడు బట్టలు అమ్మిన హాలులో 600 కంప్యూటర్లు పెట్టారు. ఆ కళాశాలలో కుర్రవాళ్లే కాదు, ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లు, పెద్ద వయసులో చదువు మొదలుపెట్టినవాళ్లు కూడా ఉన్నారు.

మరి మొదటి మాల్ సౌత్‌డేల్ ఏమైంది? అది ఇంకా నిలిచే ఉంది. కార్లు నిలిపే మైదానంలో కొంత భాగంలో 2014 నాటికి ఇళ్లు కట్టారు. 2019లో, మూతబడిన పెద్ద దుకాణం చోట వ్యాయామశాల వచ్చింది. గ్రూయెన్ కోరింది కొంతైనా జరిగింది. దానికి 60 ఏళ్లు పట్టింది.

ఈ మూడు చోట్లా ఒక్క సంగతి కనబడుతుంది. చీర ఇంటికి తెప్పించుకోవచ్చు. కానీ డాక్టరు చెయ్యి పట్టి చూడాలంటే మనిషి పోవాలి. నలుగురితో కలిసి చదవాలన్నా పోవాలి. జనం రాక తప్పని పని ఉంటే చోటు బతుకుతుంది. కొనడం ఒక్కటే పనైతే, ఇంకోచోట చవకగా దొరికిన రోజున చోటు పాడుబడుతుంది.

అయితే ప్రతి మాల్‌కూ ఈ అదృష్టం లేదు. కట్టడాన్ని మార్చాలంటే చాలా డబ్బు కావాలి. డబ్బున్న పేటల్లో మాల్స్ బాగానే నడుస్తున్నాయి. పేదల పేటల్లో మూతబడ్డవి ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంటాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. మాల్ చోట కొత్త ఇళ్లు కడితే, అదే మాల్‌లో పనిచేసిన ఆమె ఆ ఇంటి అద్దె కట్టగలదా?

మన దేశంలో

మన పట్నాల్లోనూ మాల్స్ వచ్చాయి. వాటిలోనూ ఖాళీవి ఉన్నాయి. నైట్ ఫ్రాంక్ అనే సంస్థ లెక్క ప్రకారం, 2023లో హైదరాబాదుతో సహా దేశంలోని 8 పెద్ద నగరాల్లో 64 మాల్స్ దయ్యాల కొంపల్లాగ ఉన్నాయి. వాటిలో నూటికి 40 వంతులకు మించి చోటు ఖాళీగా ఉంది.

ఇక్కడి కారణం కొంత వేరు. చాలా మాల్స్‌లో కొట్లు ఒక్కొక్కటి ఒక్కొక్కరికి అమ్మేశారు. దాంతో మొత్తాన్ని కలిపి చూసేవాళ్లు లేకుండా పోయారు. ఏ కొట్టు పక్కన ఏ కొట్టు ఉండాలో చెప్పేవాళ్లు లేరు. దీపం పోతే వేయించేవాళ్లు లేరు.

మన ఊళ్లోనూ కొత్త బజారు కట్టాలని, సంతను ఊరి బయటకు మార్చాలని అప్పుడప్పుడు మాట వస్తుంది. అప్పుడు గ్రామసభలో అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అక్కడికి నడిచి పోవచ్చా? బస్సు ఉందా? నీళ్లు, మరుగుదొడ్డి, నీడ ఉన్నాయా? గంపలో సరుకు తెచ్చి అమ్ముకునే ఆమెకు చోటు ఉందా? కట్టేముందు అడిగితే మార్చవచ్చు. కట్టిన తర్వాత మార్చాలంటే చాలా ఖర్చు, చాలా ఏళ్లు పడుతుంది.

కలిసి మాట్లాడుకోండి

1. మీరు సంతకు ఏయే పనుల మీద పోతారు? కొనడం కాక ఇంకేం చేస్తారు?
2. మీ ఊళ్లో ఖాళీగా పడి ఉన్న కట్టడం ఏదైనా ఉందా? అది ఎవరిది?
3. ఆ కట్టడంలో ఏది పెడితే ఊరి ఆడవాళ్లకు ఉపయోగం? ఆ మాట ఎవరికి చెప్పాలి?