నారుమడి లేని నాటు

వేటపాలెం జీడిపప్పుకు పేరున్న ఊరు. పప్పు తియ్యగానే ఉంటుంది కానీ, దాన్ని కాచుకునే తొక్కలోని నూనె మహా ఘాటు. అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే పదార్థాలు అందులో ఉంటాయి. రోజంతా పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు నల్లబడి, బొబ్బలెక్కి, తోలు ఊడిపోయేది వాటివల్లే. కొన్నాళ్లు ఆ పనికి దూరంగా ఉంటే చేతులకు మళ్లీ కొత్త తోలు వస్తుంది. చర్మం అడుగు వరుసలోని కణాలు ఆగకుండా విభజన చెందుతూ పైకి కొత్త సరుకు పంపుతూ ఉంటాయి గనక. ఆ అడుగు వరుసే కాలిపోతే? చర్మం సంగతి అలా ఉంచి, కంటి సంగతి చూద్దాం. ఆ ప్రశ్నకు పనికొచ్చే జవాబు ఒకటి హైదరాబాద్‌లో పుట్టింది.

శరీరాన్ని బయటా లోపలా కప్పి ఉంచే పొరలను ఉపకళా కణజాలం అంటారని బడిలో చదివే ఉంటారు. సందు లేకుండా ఒత్తుగా అమరిన కణాలు, వాటి కింద సన్నటి ఆధార పొర. దీనికి సొంత రక్తనాళాలు ఉండవు, తిండి కింది కణజాలం నుంచి అందాల్సిందే. చేసే పనిని బట్టి ఆకారం మారుతుంది. ఊపిరితిత్తుల గాలి గదుల్లో గాలి అటూ ఇటూ దాటాలి కాబట్టి ఒకే వరుస పలుచటి పొలుసు కణాలు. మూత్రపిండ నాళికల్లో ఘనాకార కణాలు. పేగులో ఆహారసారాన్ని పీల్చుకునే స్తంభాకార కణాలు. శ్వాసనాళంలోని కణాలకైతే శైలికలుంటాయి. మగ్గం గుంటలో కూర్చున్న నేతగాడు పీల్చిన నూలు దుమ్మును జిగురుతో కలిపి పైకి తోసేది అవే. రాపిడి ఎక్కువగా ఉండే నోరు, ఆహారనాళం, చర్మాల్లో వరుస మీద వరుసగా స్తరిత ఉపకళ ఉంటుంది. చర్మంలో దాని పై వరుసలు చచ్చి, కెరాటిన్‌తో గట్టిపడతాయి.

కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొర కార్నియా. దాని పైనున్నదీ స్తరిత ఉపకళే. అయిదు నుంచి ఏడు వరుసలు, మొత్తం కలిపినా 50 మైక్రాన్ల మందం. వెలుతురు దాటాలి కాబట్టి కెరాటిన్ ఉండకూడదు, రక్తనాళం రాకూడదు. వారం పది రోజుల్లో పొరంతా కొత్తదైపోతుంది. నరాల కొసలు మాత్రం చర్మంలో కన్నా వందల రెట్లు ఎక్కువ. మిరప తొడిమలు తీసిన చేత్తో కన్ను నులుముకున్న వాళ్లెవరికీ ఈ మాట వివరించనక్కర్లేదు. అయినా ఆ మంట నరాలది. నీళ్లు కారి కారి కాసేపటికి తగ్గిపోతుంది.

సున్నం అలా కాదు. అది క్షారం. కణాల పైపొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోపలికి దూరిపోతుంది. తాంబూలం సున్నం ప్యాకెట్టును పిల్లలు ఆటగా నొక్కితే అది చిట్లి నేరుగా కంట్లో పడుతుంది. పైపొర పోవడం పెద్ద నష్టం కాదు, నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచు కాలిపోవడం నష్టం. లింబస్ అనే ఆ అంచులోనే పొరను తిరిగి పుట్టించే మూలకణాలు ఉంటాయి. అవి పోయాక తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. నేత్రదానంలో వచ్చిన కార్నియా ఒక్కటే అమర్చినా ఉపయోగం ఉండదు, దానితో అంచు రాదు కదా.

1989లో అమెరికాలో కెన్యన్, సెంగ్ అనే వైద్యులు బాగున్న కంటి అంచు నుంచి పెద్ద ముక్కలే తీసి కాలిన కంటికి కుట్టారు. పని జరిగింది కానీ, ఉన్న ఒక్క మంచి కన్నుకూ ముప్పు తెచ్చేంత ముక్కలవి. 1997లో ఇటలీలో పెల్లెగ్రీని, డి లూకా బృందం చిన్న ముక్కను ప్రయోగశాలలో పెంచి, పొరగా చేసి అతికించింది. ఆ కణాలను పెంచడానికి ఎలుక కణాల పరుపు వేశారు.

హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను 1987లో స్థాపించిన గుళ్లపల్లి నాగేశ్వరరావు గుంటూరు వైద్య కళాశాలలో చదువుకున్నవారు. ఆ సంస్థలో 2001లో వీరేందర్ సాంగ్వాన్, గీతా వేముగంటి తదితరులు ఎలుక కణాలు లేకుండా, కాన్పులో వచ్చే మాయ తాలూకు ఉల్బం పొర మీద కంటి కణాలను పెంచారు. 200 మంది ఫలితాలను 2011లో ప్రకటించారు. 71 శాతం మందిలో పొర నిలిచింది. వరికి నారు పోసి నాటడం లాంటి పద్ధతి ఇది. నారుమడికేమో శుభ్రమైన ప్రయోగశాల, పెంచే నిపుణులు, దాదాపు రెండు వారాల గడువు, బోలెడు డబ్బు కావాలి. జిల్లా ఆసుపత్రికి అది అందే మాటేనా?

2012లో సాంగ్వాన్, సయన్ బసు, బాలసుబ్రమణియన్ బృందం నారుమడినే ఎత్తేసింది. మంచి కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల చదరపు ముక్క తీస్తారు. దాన్ని ఎనిమిది పది తునకలు చేస్తారు. కాలిన కంటి మీద పాకిన పొరను గీకేసి, ఉల్బం పరిచి, ఆ తునకలను ఫైబ్రిన్ జిగురుతో అక్కడక్కడా అతికిస్తారు. అంతా ఒకే ఆపరేషన్‌లో అయిపోతుంది. తునకల నుంచి కణాలు కంటి మీదే పెరుగుతాయి. మొదట చేసిన ఆరుగురిలోనూ ఆరు వారాల్లోపే పొర పూర్తిగా కమ్ముకుంది. 2016లో 125 మంది వివరాలు వచ్చాయి. వాళ్లలో దాదాపు సగం మంది పిల్లలే. 76 శాతం విజయం. ఇప్పుడు ఇతర దేశాల్లోనూ ఈ పద్ధతి వాడుతున్నారు.

కొత్త యంత్రం కొనడం కన్నా, ఉన్న యంత్రం అక్కర్లేదని తేల్చడం గొప్ప ఆవిష్కరణ అని నా లెక్క. అయితే ఈ చికిత్సకు ఒక హద్దుంది, రెండో కన్ను బాగుండాలి. రెండు కళ్లూ కాలితే వేరొకరి అంచు తేవాలి, ఒళ్లు దాన్ని తిప్పికొట్టకుండా మందులు వాడాలి.

అందుకే ఇంట్లో తాంబూలం సున్నం పిల్లలకు అందకుండా పెట్టండి. పొరపాటున కంట్లో పడితే ఇంటి వైద్యాలేవీ వద్దు. రెప్పలు తెరిచి పట్టుకుని, అరగంట పాటు శుభ్రమైన నీళ్లు ధారగా పోస్తూ ఉండండి. ఆ తర్వాత ఒక్క నిమిషం ఆగకుండా కంటి ఆసుపత్రికి బయల్దేరండి.