తరంగమునకు దారి: హొసూరు, కృష్ణగిరి ప్రాంతములయందు రేడియో గ్రహణమును, అవరోధ సామ్యమును

హొసూరు, కృష్ణగిరి పరిసరములయందు తెలుగు, తమిళము, కన్నడము అను మూడు భాషలును తరతరములుగా ఒక్క సంతలోనే వినబడుచున్నవి. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగినప్పుడు ఈ ప్రాంతము మద్రాసు రాష్ట్రమునందే నిలిచినది. నాడు సేలము జిల్లాయందును, 1965 నుండి ధర్మపురి జిల్లాయందును ఉండి, 2004లో ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలో చేరినది. పాలనకు ఎల్లలు కలవు గాని రేడియో తరంగమునకు అట్టివి లేవు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడయందును, 1963లో కడపయందును ఆకాశవాణి కేంద్రములు వెలసినవి. సరిహద్దునకు ఈవలనున్న తెలుగువారికి దూరపు కేంద్రము నుండి వచ్చు తెలుగు మాట ఒక వినోదము మాత్రమే కాదు, బంధుత్వపు పలకరింపు.

దూరము నుండి వచ్చు తరంగము బలహీనమైనది. దానిని ఏరియల్ పట్టుకొన్నంత మాత్రమున పని ముగియదు. ఏరియల్ నుండి యంత్రము వరకు అది తీగవెంట దిగవలెను. ఆ దారిలో కొంత శక్తి వెనుకకు మరలిపోయినచో, ఎంత విలువైన యంత్రమును కొన్నను పోయినది తిరిగి రాదు. ఆ నష్టమునకు కారణమేమి, దానిని నివారించు ఉపాయమేమి అనునదే ఈ వ్యాసమునకు విషయము.

ప్రతి తీగయు ప్రసరణ తంతియేనా?

ఒక తీగ ఎప్పుడు సామాన్యపు తీగగా ఉండును, ఎప్పుడు తరంగములకు దారియైన ప్రసరణ తంతిగా మారును అనునది దాని పొడవును మాత్రమే బట్టి నిర్ణయింపరాదు. తరంగదైర్ఘ్యముతో పోల్చి చూడవలెను. విజయవాడ కేంద్రపు మధ్యమ తరంగ ప్రసారము 837 కిలోహెర్ట్జులు; దాని తరంగదైర్ఘ్యము సుమారు 358 మీటర్లు. ఇంటి కప్పు నుండి దిగు పది మీటర్ల తీగ అందులో సుమారు ముప్పది ఆరవ వంతు మాత్రమే. కావున అట్టి తీగలో పరావర్తనమును గూర్చి చింతింప బనిలేదు. మధ్యమ తరంగములను వినువారికి అసలు చిక్కు ఉరుముల వలనను, విద్యుద్యంత్రముల వలనను కలుగు గరగర ధ్వనియే.

బెంగుళూరు నుండి వచ్చు 101.3 మెగాహెర్ట్జుల ఎఫ్.ఎం. ప్రసారము సంగతి వేరు. దాని తరంగదైర్ఘ్యము 2.96 మీటర్లు. అదే పది మీటర్ల తీగలో ఇప్పుడు మూడు తరంగములకు పైగా నిలుచును. ఇచ్చట తీగ ఒక మార్గమైనది. మార్గమునకు తనదైన స్వభావము కలదు.

లాక్షణిక అవరోధము

ఆ స్వభావమునకే లాక్షణిక అవరోధము అని పేరు. తీగవెంట పోవు తరంగమునందు వోల్టేజికిని విద్యుత్ప్రవాహమునకును గల నిష్పత్తి ఇది. దీనిని ఓములలో చెప్పుదురు. అయినను 75 ఓముల కేబులును ఓము మీటరుతో కొలిచినచో 75 అను సంఖ్య కనబడదు. పది మీటర్ల కేబులుకును, వంద మీటర్ల కేబులుకును ఈ విలువ ఒక్కటే. అది తీగ పొడవును బట్టి గాక, వాహకముల ఆకృతిని, వాటి నడుమనున్న పదార్థమును బట్టి ఏర్పడును. ఘనమైన పాలిథీన్ నిండిన 75 ఓముల ఏకాక్ష కేబులులో బయటి వాహకపు వ్యాసము నడిమి తీగ వ్యాసమునకు సుమారు 6.7 రెట్లుండును. కిటికీ తలుపు సందున నలిగినను, మేకు క్రింద అణగినను, ఆ నిష్పత్తి అచ్చట చెడును. తరంగమునకు అదియొక గతుకగును.

మోకును పగ్గమును ముడివేసి ఒక కొనను విదలించి చూచినచో ఈ సంగతి తేటపడును. లావు త్రాటిపై పోవు అల ముడి చేరగానే కొంత సన్న త్రాటిలోనికి పోవును, కొంత వెనుకకు మరలును. రెండు త్రాళ్ళును ఒక్క లావుదైనచో ముడి యున్నట్లే అలకు తెలియదు. వియ్యమునకైనను కయ్యమునకైనను సమవుజ్జీ కావలెనని పెద్దలు చెప్పు మాట తీగలకును చెల్లును. మార్గముయొక్క అవరోధమును, దాని కొనయందలి భారముయొక్క అవరోధమును సమానముగా కుదుర్చుటయే అవరోధ సామ్యము.

నష్టమెంత?

వెనుకకు మరలు వోల్టేజి భాగమును కనుగొనుటకు ఒక సులభ సూత్రము కలదు. భారపు అవరోధము నుండి తంతి అవరోధమును తీసివేసి, ఆ శేషమును రెండింటి మొత్తముచే భాగింపవలెను. 75 ఓముల కేబులు కొనయందు 300 ఓముల భారమున్నదనుకొందము. భేదము 225, మొత్తము 375, భాగఫలము 0.6. శక్తి వోల్టేజి వర్గమును అనుసరించును గనుక 0.36, అనగా నూటికి 36 పాళ్ళు మరలిపోవును. 64 పాళ్ళు మాత్రమే చేరును. పోవు తరంగమును, మరలు తరంగమును కలిసి తీగపై స్థిర తరంగములను కల్పించును. ఈ ఉదాహరణమున వోల్టేజి అత్యధికముగానున్న చోట, అత్యల్పముగానున్న చోటికంటె నాలుగు రెట్లుండును.

ఇది కల్పిత ఉదాహరణము కాదు. 1926లో జపానుదేశమున షింటారో ఉడా, హిడెట్సుగు యాగీ అనువారు వెలువరించిన యాగీ-ఉడా ఏరియల్, 1980వ దశకమున టెలివిజను వచ్చిన ఊళ్ళలో మిద్దెల మీద విస్తారముగా వెలసినది. వాటిలో అనేకములందు మడత డైపోలు 300 ఓములకు కుదుర్చబడి యుండెను. రెండు తీగల చదునైన రిబ్బను 300 ఓములదే గనుక దానికి సరిపడెను. వానకు తడిసినను, ఇనుప గొట్టమునకు తగిలినను రిబ్బను గుణము మారునని ఏకాక్ష కేబులును తెచ్చి, దానిని నేరుగా డైపోలుకు చుట్టినచో పై లెక్కలోని నష్టమే కలుగును.

రెండు విధములైన నీడలు

నాటి అనలాగు టెలివిజను తెరపై బొమ్మ ప్రక్కన రెండవ నీడ కనబడెడిది. హొసూరు పీఠభూమిపై నున్నది. అచ్చటి నుండి కృష్ణగిరికి పోవువారు క్రిందికి దిగుదురు. కృష్ణగిరి చుట్టును బారామహలు రాతి కొండలు నిలిచియున్నవి. కొండకు తగిలి వచ్చిన తరంగము 1.5 కిలోమీటర్లు చుట్టి వచ్చినచో 5 మైక్రోసెకండ్లు ఆలస్యమగును. తెరపై ఒక గీత 52 మైక్రోసెకండ్లలో గీయబడును గనుక, 50 సెంటీమీటర్ల వెడల్పు తెరపై ఆ నీడ 5 సెంటీమీటర్ల దూరమున పడును. 30 మీటర్ల కేబులులో రెండు కొనలను పొందిక లేక తరంగము అటునిటు తిరిగినచో ఆలస్యము 0.3 మైక్రోసెకండు, నీడ 3 మిల్లీమీటర్లు మాత్రమే జరుగును. దూరపు నీడకు ఏరియల్‌ను త్రిప్పవలెను. అంచు వెంట మసకగా నున్న దగ్గరి నీడకు తీగ కొనలను సరిచేయవలెను. ఆ అనలాగు భూతల ప్రసారము గతకాలపు విషయమైనను, రోగము నెరిగి మందు వేయవలెనను న్యాయము మాత్రము మారలేదు.

కుదుర్చు ఉపాయములు

మొదటిది అర్ధతరంగపు చుట్ట. మడత డైపోలు రెండు కొనలకు నడుమ ఏకాక్ష కేబులు ముక్కను అర్ధతరంగము పొడవున చేర్చినచో 300 ఓములు 75 ఓములుగా మారును. సమతౌల్యముగల ఏరియల్‌కును అట్లుకాని కేబులుకును సంధి కుదురును. ఘన పాలిథీన్ కేబులులో తరంగవేగము శూన్యమునందలి వేగములో 0.66 వంతు మాత్రమే. కావున 101.3 మెగాహెర్ట్జులకు అర్ధతరంగము 1.48 మీటర్లైనను, కోయవలసిన ముక్క 98 సెంటీమీటర్లు. ఈ గుణకమును మరచుట వలననే పెక్కు ప్రయత్నములు చెడుచున్నవి.

రెండవది పాదతరంగపు తంతి. తరంగములో నాల్గవ వంతు పొడవుగల తీగ ఒక అవరోధమును వేరొక అవరోధముగా మార్చగలదు. దాని లాక్షణిక అవరోధము ఆ రెండింటి లబ్ధముయొక్క వర్గమూలమునకు సమానము కావలెను. బలహీన ప్రసారమును పట్టుటకు రెండు 75 ఓముల ఏరియళ్ళను కలిపినచో 37.5 ఓములగును. దీనిని 75 ఓముల కేబులుకు నేరుగా తగిలించినచో శక్తిలో నూటికి 11 పాళ్ళు మరలును. నడుమ 53 ఓముల తంతి కావలెను. అట్టిది అంగడిలో దొరకకున్నను, 50 ఓముల కేబులు సులభముగా దొరకును. దానిని పాదతరంగము పొడవున, అనగా పై పౌనఃపున్యమునకు 49 సెంటీమీటర్లు కోసి చేర్చినచో 37.5 ఓములు 66.7 ఓములుగా కనబడును. అప్పుడు మరలునది నూటికి అర పాలు కూడ కాదు.

మూడవది కుఱచ తంతి. భారమున ప్రతిరోధము కూడ కలసియున్నచో, కొన కలిపినదో, తెరచినదో యగు చిన్న తీగ ముక్కను తగిన చోట ప్రక్కగా తగిలించి దానిని రద్దుచేయవచ్చును. ఆ చోటును, ఆ పొడవును గీతల మీదనే కనుగొనుటకు 1939లో అమెరికా ఇంజనీరు ఫిలిప్ స్మిత్ ప్రకటించిన వర్తుల పటము ప్రపంచమంతట ప్రసిద్ధి చెందినది.

ఈ ఉపాయములు తాము ఉద్దేశింపబడిన పౌనఃపున్యమునకు దగ్గరగా మాత్రమే చక్కగా పనిచేయును. విస్తారమైన పట్టీ కావలెనన్న ఫెర్రైటు ట్రాన్స్‌ఫార్మరు మేలు.

నేటి ఇండ్లయందు

నేడు తెలుగు ఛానళ్ళు ఉపగ్రహము నుండి డిష్ ద్వారా వచ్చుచున్నవి. డిష్ నుండి పెట్టెకు దిగు సంకేతము 950 నుండి 2150 మెగాహెర్ట్జుల వరకుండును. పై అంచున తరంగదైర్ఘ్యము కేబులులో పది, పన్నెండు సెంటీమీటర్లే. రెండు మూడు సెంటీమీటర్లు ఒలిచి మెలిపెట్టిన అతుకు రేడియోకు లెక్కలోనిది కాకపోయినను ఇచ్చట ఇంచుమించు పాదతరంగమగును. అనలాగు బొమ్మ మెల్లగా మసకబారెడిది. డిజిటల్ బొమ్మ కొంతవరకు నిర్మలముగా ఉండి, పిదప ఒక్కసారిగా ముక్కలై నిలిచిపోవును. అప్పుడు జనులు డిష్‌ను నిందింతురు; దోషము అతుకునందుండవచ్చును.

అన్నదమ్ముల రెండిండ్లకు ఒకే రేడియో ఏరియల్ తీగను చీల్చి పంచునప్పుడును ఇదే న్యాయము. ఊరక మూడు తీగలను ముడివేసిన 37.5 ఓముల చిక్కే వచ్చును. ఒక్కొక్క శాఖకు 25 ఓముల నిరోధము చొప్పున మూడింటిని నక్షత్రాకృతిలో చేర్చినచో ప్రతి వైపు నుండియు 75 ఓములే కనబడును. కాని ఒక్కొక్క ఇంటికి శక్తిలో నాల్గవ వంతే చేరును. ట్రాన్స్‌ఫార్మరుతో చేసిన విభాజకము ఇంచుమించు సగము చొప్పున పంచును.

బలహీన ప్రసారము కనబడగానే బూస్టరు కొనుట సామాన్యపు అలవాటు. యంత్రము కడ పెట్టిన బూస్టరు సంకేతముతోపాటు గరగరను కూడ పెంచును. అతుకు వద్ద వెనుకకు మరలిన దానిని మాత్రము తిరిగి తేలేదు. కావున ధనము వెచ్చించుటకు ముందు వరుసగా చూడవలసినవి నాలుగు: ఏరియల్ అవరోధమునకు కేబులు సరిపడినదా, సంధియందు తగిన చుట్టగాని ట్రాన్స్‌ఫార్మరుగాని కలదా, కేబులు ఎచ్చటనైన నలిగినదా, నీరు చొచ్చినదా, అతుకులు మెలిపెట్టినవా, తగిన కనెక్టరుతో బిగించినవా. కత్తి, కొలబద్ద, కొలది శ్రద్ధ యున్న యువకుడెవడైనను ఈ పనిని ఒక పూటలో ముగింపగలడు. దూరపు తెలుగు కేంద్రము ఎంత బలముతో ప్రసారము చేయవలెనో నిర్ణయించుట హొసూరు, కృష్ణగిరి తెలుగువారి చేతిలో లేదు. తమ మిద్దెవరకు వచ్చిన మాటను గుమ్మమునొద్దనే పోగొట్టుకొనకుండుట మాత్రము వారి చేతిలోనిదే.