ఫొటో దిగడం నుంచి ఫొటో తీయడం దాకా: డబ్బా కెమెరా కథ

తెలుగులో ఫొటోకి రెండు క్రియలున్నాయి. కెమెరా ముందు నిలబడితే "ఫొటో దిగాం" అంటాం. కెమెరా వెనక ఉంటే "ఫొటో తీశాం" అంటాం. సెల్ఫీ పుణ్యమా అని ఇప్పుడు రెండూ ఒకేసారి అయిపోతున్నాయి గానీ, ఒకప్పుడు మామూలు జనానికి ఫొటో దిగడమే ఉండేది. తీయడం వాళ్ల చేతుల్లో లేదు. దాన్ని వాళ్ల చేతికిచ్చింది ఒక అట్టపెట్టె. అదే బాక్స్ కెమెరా, వాడుకలో చెప్పాలంటే డబ్బా కెమెరా.

పాత కెమెరాలు పోగుచేసేవాళ్ల కన్ను ఎక్కువగా లైకా, రోలీఫ్లెక్స్ లాంటి పెద్ద పేర్ల మీదే ఉంటుంది. డబ్బా కెమెరా దొరికితే తుడిచి షెల్ఫులో అలంకారానికి పెడతారు. నన్నడిగితే, చరిత్రలో దాని చోటు ఆ షెల్ఫు కంటే చాలా పెద్దది.

దర్బారు నుంచి డాలరు దాకా

మన ప్రాంతంలో పాత ఫొటోలంటే మొదట గుర్తొచ్చే పేరు రాజా దీన్‌దయాళ్ (1844–1905). ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్. పెద్ద చెక్క కెమెరా, స్టాండు, బరువైన గాజు పలకలు, వాటిని కడగడానికి రసాయనాలు, మోయడానికి మనుషులు. ఇంత సరంజామా ఉంటే తప్ప ఫొటో లేదు. అందుకే ఆ ఫొటోల్లో ఎక్కువగా కనిపించేది రాజులు, దొరలు, కోటలు, వేటలు.

1888లో అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ "కోడాక్" అనే పెట్టె కెమెరా తెచ్చాడు. వంద ఫొటోలకు సరిపడా ఫిల్ము లోపలే చుట్టి ఉండేది. అన్నీ తీశాక కెమెరానే కంపెనీకి పంపితే, వాళ్లు ప్రింట్లు వేసి, కొత్త ఫిల్ము నింపి తిరిగి పంపేవాళ్లు. ధర మాత్రం 25 డాలర్లు, అంటే అప్పట్లో పెద్ద మొత్తమే. అసలు మార్పు 1900లో వచ్చింది. ఫ్రాంక్ బ్రౌనెల్ రూపొందించిన "బ్రౌనీ"ని ఈస్ట్‌మన్ ఒక్క డాలరుకే అమ్మాడు. అట్టతో చేసి, పైన తోలులా కనిపించే కాగితం అంటించిన డబ్బా అది. పిల్లల కోసమని ప్రకటనలిచ్చారు గానీ పెద్దలూ ఎగబడి కొన్నారు.

1912లో టైటానిక్ మునిగినప్పుడు, బతికినవాళ్లను ఎక్కించుకున్న కార్పేథియా ఓడలో బెర్నిస్ పామర్ అనే 17 ఏళ్ల అమ్మాయి ఉంది. ఆమె చేతిలో బ్రౌనీ ఉంది. ఆమె తీసిన ఆ ఫొటోలే ఇప్పుడు చరిత్ర. అక్కడ ఆస్థాన ఫొటోగ్రాఫర్ లేడు, ఉండడు కూడా. డబ్బా కెమెరా చేసిన అసలు పని ఇదే.

లోపల ఏముంది?

మన బ్రాంచి వాళ్లు విప్పి చూస్తే నవ్వుకుంటారు. ఒకటే లెన్సు, ఒక స్ప్రింగు షటరు, ఫిల్ము తిప్పే మర, పైన పొట్టి అద్దం వ్యూఫైండరు. ఫోకస్ చేయడానికి మీట లేదు. మరి బొమ్మ స్పష్టంగా ఎలా వస్తుంది?

లెక్క చూడండి. ఫోకల్ లెంగ్త్ 100 మి.మీ., అపర్చరు ఎఫ్/16, కంటికి ఆనని మసక 0.1 మి.మీ. అనుకుందాం. హైపర్‌ఫోకల్ దూరం 100 × 100 ÷ (16 × 0.1) = 6250 మి.మీ., అంటే ఆరు మీటర్ల పైచిలుకు. లెన్సుని ఆ దూరానికి బిగించేస్తే, అందులో సగం నుంచి, అంటే సుమారు మూడు మీటర్ల నుంచి దిగంతం దాకా అంతా సరిపడా స్పష్టంగా వస్తుంది. ఫోకస్ చేసే పనిని ఫ్యాక్టరీలోనే ఒకసారి చేసి వదిలేశారన్నమాట.

వెలుతురుదీ అదే కథ. చాలా డబ్బా కెమెరాల్లో షటరు వేగం సెకనులో 25వ వంతుకీ 50వ వంతుకీ మధ్య ఉంటుంది. ఇవాళ్టి 100 ఐఎస్ఓ ఫిల్ము వేసి, ఎఫ్/11 దగ్గర 1/50లో ఎండలో తీస్తే, కావాల్సినదానికి నాలుగు రెట్ల వెలుతురు పడుతుంది. అయినా బ్లాక్ అండ్ వైట్ నెగటివ్ ఆ ఎక్కువని చాలావరకు తట్టుకుంటుంది.

తీసేవాడికి మిగిలేవి మూడే సూత్రాలు: మూడు మీటర్ల దూరం, వీపు వెనక ఎండ, పొట్టకి ఆనించి కదలకుండా పట్టుకోవడం.

మన దగ్గరికి ఎలా వచ్చింది?

తర్వాతి కాలంలో మన దేశంలో ఈ పాత్ర పోషించింది ఆగ్ఫా క్లిక్ త్రీ. బరోడాలోని న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారుచేసింది. ప్లాస్టిక్ ఒళ్లు, రూపం అచ్చం డబ్బా కాదు గానీ బుద్ధి మాత్రం డబ్బాదే. 120 ఫిల్ము వేస్తే 12 చదరపు ఫొటోలు. ఫిల్ము కూడా ఇక్కడే తయారు కావాలని 1960లో ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ పెట్టారు. "ఇందు" వాళ్ల బ్రాండు.

ఇప్పుడు బోధన్ వైపు చూద్దాం. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ నీళ్లొచ్చాయి, చెరకు వచ్చింది, 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటిగా పేరుపడింది. దాని చుట్టూ క్వార్టర్లు, ఒక ఊరికి ఊరే పెరిగింది. 2015 డిసెంబరులో అది మూతపడింది.

అలాంటి చోట ప్రారంభోత్సవాలకి, మంత్రుల రాకకి ఫొటోగ్రాఫర్‌ని పిలుస్తారు. కానీ క్వార్టరు ముందు తులసికోట, గేటు బయట చెరకు బండ్ల వరస, షిఫ్టు దిగి సైకిల్ మీద వస్తున్న నాన్న, వీటికోసం ఎవరు పిలుస్తారు? ఇంట్లో ఒక చౌక కెమెరా ఉంటేనే అవి మిగులుతాయి. ఫ్యాక్టరీ యంత్రాల లెక్క కాగితాల్లో దొరుకుతుంది. అక్కడి బతుకు మాత్రం ఎవరి అటకమీదో ఉన్న నెగటివ్‌లలోనే ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసినప్పుడు పాత సామాన్లోడికి మొదట పోయేవి కూడా అవే.

సేకరించేవాళ్లకి

హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో గానీ, చుట్టాలిళ్ల అటకల మీద గానీ డబ్బా కెమెరా దొరికితే ఇవి చూడండి.

మొదట, లోపల ఫిల్ము ఉందా? వెనక ఎర్ర కిటికీలో అంకె కనిపిస్తే తెరవొద్దు. చివరిదాకా తిప్పి, చీకట్లో తీసి, నల్ల కాగితంలో చుట్టండి. అందులో ఎవరూ చూడని ఫొటోలు ఉండొచ్చు.

రెండోది, ఫిల్ము సైజు. 120 అయితే ఇప్పటికీ దొరుకుతుంది, మళ్లీ వాడొచ్చు. 620 అయితే ఫిల్ము వెడల్పు అదే గానీ చుట్టే బాబిన్ సన్నది. అందుకే లోపలున్న ఖాళీ బాబిన్ పారేయకండి.

మూడోది, వ్యూఫైండరు అద్దాన్ని గట్టిగా రుద్దకండి. చాలా కెమెరాల్లో పూత అద్దం పైమీదే ఉంటుంది, ఊడిపోతుంది.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. కెమెరాతో పాటు దాని నెగటివ్‌లు, ప్రింట్లు కూడా అడగండి. అంచులు మాత్రమే పట్టుకుని, ఒక ఫోన్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి, దానికి కాస్త ఎత్తులో నెగటివ్ ఉంచి, ఇంకో ఫోన్‌తో తీసి రంగులు తిరగేస్తే బొమ్మ వచ్చేస్తుంది. వెనిగర్ వాసన కొడుతుంటే ఫిల్ము పాడవుతోందని అర్థం. ముందు వాటి పని చూడండి.

ఆ ఫొటోలని చదవడం కూడా నేర్చుకోవాలి. ప్రింటు బొమ్మ సరిగ్గా నెగటివ్ సైజులోనే ఉంటే, ఎన్‌లార్జర్ లేకుండా నేరుగా అద్ది తీశారని అర్థం. ఒకే ఫొటోలో పెళ్లీ, చెరువూ కలిసిపోతే, ఫిల్ము తిప్పడం మర్చిపోయి రెండుసార్లు నొక్కారని. అందరూ కళ్లు చికిలించి ఉంటే, ఎండ తీసేవాళ్ల వీపు వెనక ఉందని. అప్పుడు ఫొటో కింది అంచు చూడండి. పొద్దుటి ఎండలోనో సాయంత్రపు ఎండలోనో తీసినదైతే, మోచేతులు మడిచి తల వంచిన ఒక నీడ కనిపించొచ్చు. ఆ ఫొటో తీసిన మనిషి ఆ నీడే.

ఆల్బమ్ తిరగేసేటప్పుడు మనమంతా "ఇందులో ఎవరెవరున్నారు?" అని అడుగుతాం. దిగినవాళ్ల పేర్లు వెనక రాసుంటాయి, తీసినవాళ్ల పేరు ఉండదు. ఆ పేరు చెప్పగలిగే తరం ఇంకా మన ఇళ్లల్లో ఉంది. ఈ దసరాకి ఇంటికెళ్లినప్పుడు నానమ్మనో తాతనో కూర్చోబెట్టి "ఇది తీసిందెవరు?" అని అడగండి. జవాబు వస్తే ఫొటో వెనక పెన్సిల్‌తో రాసి పెట్టండి.