గని మూతవడ్డ ఊర్ల సైకిల్ పందెం

అమెరికాల కొలరాడో కొండల మీద లెడ్‌విల్ అని గని కార్మికుల ఊరు. 1982ల అక్కడి క్లైమాక్స్ మాలిబ్డినం గని ఆగింది, వేలమంది రోడ్డున పడ్డరు. ఊరు బతకాలని కెన్ క్లోబర్ అనే గని కార్మికుడు 1983ల వంద మైళ్ల పరుగుపందెం పెట్టిండు. 1994 నుంచి గదే దూరం మౌంటెన్ బైక్ పందెం గూడ నడుస్తున్నది.

మొదటిసారి తొక్కేటోళ్లను ముంచేది గాలి. మొదలయ్యే కాడనే 3,000 మీటర్ల పైన ఎత్తు, కొలంబైన్ గని కాడ దాదాపు 3,800. ఊపిరి సాలదు. అందుకే తమ్ముడూ, మొదట్లనే జోరు తొక్కొద్దు. ఆకలి కాకముందే తినాలె, దూప కాకముందే తాగాలె. నిటారు ఎక్కుడు కాడ శానమంది దిగి సైకిల్ నూకుకుంట నడుస్తరు, అండ్ల నామోషీ ఏముంది? 12 గంటల లోపు చేరినోళ్లకు బెల్టు బకిల్ ఇస్తరు. తొక్కినవా, నడిసినవా అని ఎవలూ అడగరు.