ఇమాన్యుయేల్ సెల్లర్: అమెరికా తలుపులు తెరిపించిన నేత.. ఒక్క చట్టంపై 41 ఏళ్ల పోరాటం!

అమెరికాలో చదువు, ఉద్యోగం, గ్రీన్ కార్డ్.. తెలుగు ఇళ్లల్లో ఈ మాటలు ఇప్పుడు మామూలే. కానీ ఒకప్పుడు భారతీయులు అక్కడ స్థిరపడటానికి చట్టమే ఒప్పుకునేది కాదు. ఆ పరిస్థితిని మార్చిన వాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సిన పేరు ఇమాన్యుయేల్ సెల్లర్. మన దగ్గర ఈ పేరు విన్నవాళ్లు తక్కువే.

ఇంతకీ ఎవరీ సెల్లర్?

1888లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఓ యూదు కుటుంబంలో పుట్టారు. కాలేజీలో ఉండగానే తల్లిదండ్రులు చనిపోయారు. వైన్ అమ్ముతూ ఇల్లు నడిపారు, కొలంబియాలో లా పూర్తి చేశారు. 1922లో డెమోక్రాట్‌గా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. వలస వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఉండే నియోజకవర్గం అది.

తొలి పోరాటంలోనే ఓటమి

1924లో కొత్త వలస చట్టం వచ్చింది. ఏ దేశం నుంచి ఎంతమంది రావాలో కోటా పెట్టారు. దానికి లెక్క 1890 జనాభా లెక్కల నుంచి తీశారు. అంటే ఉత్తర, పశ్చిమ ఐరోపా వాళ్లకు పెద్ద వాటా. ఇటలీ, పోలండ్ లాంటి దేశాలకు కొంచెం. ఆసియా వాళ్లకైతే దాదాపు తలుపు మూసేసినట్టే. సభలో కొత్త సభ్యుడైన సెల్లర్ దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. అయినా చట్టం పాసైపోయింది. ఆయన మాత్రం వదల్లేదు.

భారతీయులకు ఏడాదికి 100 మంది!

1923లోనే అమెరికా సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వ అర్హత లేదని తేల్చేసింది. 1946లో క్లేర్ బూత్ లూస్‌తో కలిసి సెల్లర్ తెచ్చిన చట్టం దీన్ని మార్చింది. కోటా ఏడాదికి కేవలం 100. అయితే అప్పటికే అక్కడున్న భారతీయులకు పౌరసత్వం తీసుకునే హక్కు వచ్చింది. పంజాబ్‌లో పుట్టిన దలీప్ సింగ్ సౌంద్ అలాగే 1949లో పౌరుడయ్యారు. 1956లో కాలిఫోర్నియా నుంచి గెలిచి, సెల్లర్ ఉన్న ప్రతినిధుల సభలోనే అడుగుపెట్టారు.

1965లో గెలుపు

న్యాయ వ్యవహారాల కమిటీ ఛైర్మన్‌గా సెల్లర్ 1964 పౌర హక్కుల బిల్లును సభలో గట్టెక్కించారు. ఆ మరుసటి ఏడాది సెనేటర్ ఫిలిప్ హార్ట్‌తో కలిసి పాత కోటా పద్ధతిని రద్దు చేయించారు. సభలో బిల్లుకు అనుకూలంగా 318, వ్యతిరేకంగా 95 ఓట్లు. 1965 అక్టోబర్ 3న స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ దగ్గర ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం చేశారు. పుట్టిన దేశం బదులు కుటుంబ బంధం, నైపుణ్యం ముఖ్యమయ్యాయి. ఆ దారిలోనే భారత్ నుంచి డాక్టర్లు, ఇంజినీర్లు వెళ్లారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు.

విచిత్రం ఏంటంటే.. ఆసియా నుంచి పెద్దగా ఎవరూ రారని అప్పట్లో సెల్లరే సభకు చెప్పారు. ఆ అంచనా పూర్తిగా తప్పింది. ఇంకో మెలిక కూడా ఉంది. అదే చట్టం అమెరికా ఖండాలు మినహా మిగతా ప్రపంచంలో ఒక్కో దేశానికి ఏడాదికి 20 వేల పరిమితి పెట్టింది. దేశాన్ని బట్టి పరిమితి అనే ఆ పద్ధతి తర్వాత 7 శాతం లెక్కగా మారింది. ఇవాళ మన టెకీలు గ్రీన్ కార్డ్ కోసం ఏళ్ల తరబడి క్యూలో ఉండటానికి ప్రధాన కారణాల్లో అదొకటి.

చివరికి సొంత పార్టీలోనే ఓటమి

మహిళలకు సమాన హక్కుల రాజ్యాంగ సవరణను సెల్లర్ ఏళ్ల తరబడి తన కమిటీలోనే ఆపేశారు. 1972 ప్రైమరీలో ఓ మహిళ చేతిలోనే ఓడారు. ఆమె ఎలిజబెత్ హోల్ట్జ్‌మన్, అప్పటికి 30 ఏళ్లు. సెల్లర్‌కు 84. తేడా వందల ఓట్లే. దాదాపు 50 ఏళ్ల పదవి అలా ముగిసింది. 1981లో బ్రూక్లిన్‌లోనే కన్నుమూశారు.

అందరికీ తలుపు తెరవాలన్న నేత మహిళల హక్కుల దగ్గర అడ్డంగా నిలబడ్డారు. ఆయన తెరిపించిన తలుపు మాత్రం ఇప్పటికీ తెరిచే ఉంది.. ముందు క్యూ చాలా పెద్దదైంది, అంతే.